మొదటి గురి

గన్‌ఫౌండ్రీ అనే మాటని నేను చాలా ఏళ్ళపాటు ఒక బ్యాంకు చిరునామాగానే వాడాను. హైదరాబాదు వచ్చిన కొత్తల్లో ఏదో పనిమీద అక్కడి స్టేట్ బ్యాంకుకి వెళ్ళాల్సొచ్చింది. ఆటో అతనికి గన్‌ఫౌండ్రీ అని చెప్పాను, తీసుకెళ్ళాడు. గన్ను, ఫౌండ్రీ అని విడదీసి చూడాలని తోచలేదు. ఆ చోటుకి పాత పేరు ‘తోప్ కా సాంచా’. సాంచా అంటే పోత అచ్చు. తోపు అంటే ఫిరంగి. ‘వాడు తోపురా’ అని మనం రోజుకి నాలుగుసార్లు అనుకుంటాం గానీ ఆ మాట వెనక ఒక ఫిరంగి ఉందని ఎవరికి గుర్తుంటుంది?

ఈ ఏడాది మొదట్లో ఆ మాటని విడదీసి చూడాల్సిన అవసరం పడింది. ఇదివరకు నాతో కలిసి పనిచేసిన స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. డ్రోన్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాడట, నన్నూ రమ్మన్నాడు. నేను కొన్నేళ్ళుగా చేస్తున్న పని, కెమెరా బొమ్మల్లోంచి లారీల్నీ మనుషుల్నీ గుర్తుపట్టే ప్రోగ్రాములు రాయడం. గోదాముకి ఎన్ని లారీలొచ్చాయి, ఎన్ని వెళ్ళాయి అని లెక్కపెట్టడానికి. “అదే కోడ్ రా. కెమెరా పైనుంచి చూస్తుంది, అంతే తేడా,” అన్నాడు. జీతం ఇప్పటికంటే బాగా ఎక్కువ. కొనేది మన సైన్యమే. “దేశం కోసం చేసినట్టు కూడా ఉంటుంది కదా,” అని చివర్లో కలిపాడు.

వారం గడువు అడిగాను. ఆ వారం మూడు నెలలైంది. ఆయుధం తయారుచేసేవాడి పాపపుణ్యాల గురించి నేను చదివినవన్నీ యూరప్, అమెరికాల కథలే. డైనమైటు నోబెల్, అణుబాంబు ఓపెన్‌హైమర్. వాళ్ళ బాధ పెద్దదే, కానీ నాకు చాలా దూరం. మన వైపు ఎవరైనా ఉన్నారా అని వెతుక్కుంటే ఆ బ్యాంకు చిరునామా దగ్గరికే వచ్చాను. అయితే ఈ కథ హైదరాబాదులో మొదలవదు. మా ఊరి దగ్గర మొదలవుతుంది.

మాది బొబ్బిలి పక్కన పల్లె. మా వైపు పిల్లలకి 1757 జనవరి 24 అనే తేదీ బళ్ళో చెప్పక్కర్లేదు. బుర్రకథలో విని ఉంటారు, లేదా 1964లో వచ్చిన రామారావు సినిమాలో చూసి ఉంటారు. మా తాత ఆ కథ చెప్పినప్పుడల్లా దోషుల జాబితా ఒకటి వచ్చేది. విజయనగరం విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ, వాడి దివాను హైదర్ జంగ్. ముగ్గురూ అయ్యాక ఒకసారి నేను అడిగాను, ఆ ఫిరంగులు ఎవరు చేశారు తాతా అని. తాత కాసేపు నావైపు చూసి, “ఎవులు పోసినారో ఎవులికి తెల్సు? పోసినోడు బొబ్బిలి పేరైనా ఇన్నాడో లేదో,” అన్నాడు.

ఆ జవాబు అప్పుడు నాకు తప్పించుకునే మాటలా అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, ప్రశ్నంతా అందులోనే ఉంది. ఎక్కడో ఫ్రాన్సులో ఒక పోతకొలిమి. అక్కడొక మనిషి కంచు కరిగించి, మట్టి అచ్చులో పోసి, గొట్టం తొలిచి, కొలతలు సరిచూసుకుని, సాయంత్రం ఇంటికెళ్ళి రొట్టె తిన్నాడు. మంచి పనివాడే అయ్యుంటాడు. బొబ్బిలి కోట బురుజుల మీద కాల్చినవి నాలుగు ఫిరంగులని ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాశాడు. తెల్లవారుతూనే మొదలుపెడితే కొద్ది గంటల్లోనే బురుజుల పైగోడలు పగిలాయి. నిచ్చెనలు వేసుకుని ఎక్కినవాళ్ళని కోటలోవాళ్ళు మళ్ళీ మళ్ళీ తోసేశారు. ఇక నిలవదని తెలిశాక, శత్రువు చేతికి చిక్కకూడదని లోపలి ఆడవాళ్ళనీ పిల్లల్నీ తమవాళ్ళే చంపుకున్నారు. రంగారావు నేలకొరిగాడు. మూడో రాత్రి బొబ్బిలివాళ్ళు విజయరామరాజు గుడారంలో దూరి పొడిచి చంపారు. మా వైపు ఆ పొడిచిన చేతికి తాండ్ర పాపారాయుడు అని పేరు.

ఫిరంగి అనే మాటకి మన నిఘంటువుల్లో రెండర్థాలు కనిపిస్తాయి. ఒకటి పెద్ద తుపాకి, రెండోది ఐరోపావాడు. వస్తువుకీ, దాన్ని తెచ్చినవాడికీ ఒకటే పేరు. చేయడం మనకి రాని వస్తువుని, అమ్మేవాడి పేరుతోనే పిలుచుకున్నాం.

ఇక ఆ ఫిరంగులకి డబ్బు ఎవరిచ్చారన్నది తాత జాబితాలో లేని ఇంకో సంగతి. 1753 చివర్లో హైదరాబాదు నవాబు సలాబత్ జంగ్, బుస్సీ సైన్యానికి జీతాలివ్వలేక నాలుగు సర్కారులు రాసిచ్చాడు. ముస్తఫానగరం, ఏలూరు, రాజమండ్రి, శికాకోలు. శికాకోలు అంటే మన శ్రీకాకుళం. విజయనగరం, బొబ్బిలి రెండూ ఆ సర్కారులోవే. ఆ శిస్తు వసూలు చేసే గుత్తనే బుస్సీ దగ్గర విజయరామరాజు తీసుకున్నాడు. అంటే నాగావళి ఒడ్డున వరి కోసిన రైతు కట్టిన శిస్తులో కొంత ఫ్రెంచి సిపాయి జీతంగా, మందుగుండుగా, గుండ్లుగా మారి తిరిగి నాగావళి వైపే వచ్చింది. బొబ్బిలి కోట మీద పడిన గుండుకి బొబ్బిలి పొలాలు కూడా అంతోయింతో ధర చెల్లించాయి.

పోతపోసినవాడికి తెలీదు. శిస్తు కట్టినవాడికీ తెలీదు. తెలిసినవాడు గుడారంలో చచ్చిపోయాడు.

ఇప్పుడు హైదరాబాదుకి వస్తాను. బుస్సీ 1758లో మన నేల వదిలి వెళ్ళాడు. పాతికేళ్ళ తర్వాత, 1783లో, ముసలివాడై మళ్ళీ ఇండియా వచ్చాడు. ఆ రెండో రాకలో అతని దగ్గర సహాయకుడిగా చేరిన యువకుడి పేరు మిషెల్ జోవాకిం మారీ రేమండ్. 1755లో ఫ్రాన్సులోని గాస్కనీలో పుట్టాడు. ఇరవయ్యేళ్ళకి సరుకులమ్ముకోవడానికి పుదుచ్చేరి వచ్చాడు. వ్యాపారం వదిలి సైన్యాల్లో తిరిగి, మైసూరులో హైదరాలీ కొలువూ చూశాడు. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో చనిపోయాక నిజాం అలీఖాన్ దగ్గర చేరాడు.

ఇక్కడ నన్ను ఆపేసిన వివరం ఒకటుంది. రేమండ్ మూడువందల మందితో మొదలుపెట్టాడు. వాళ్ళకివ్వడానికి తుపాకులు లేవు. ఒక ఫ్రెంచి వర్తకుడి దగ్గర నెలకి ఎనిమిదణాలకి అద్దెకి తీసుకున్నాడు. ఇవాళ మనం సర్వర్లు నెలవారీ అద్దెకి తీసుకుని కంపెనీలు పెట్టినట్టే. అద్దె కట్టినన్నాళ్ళూ బలం నీది. వర్తకుడికి కోపమొచ్చినా, ఇంకొకడు తొమ్మిదణాలు ఇస్తానన్నా నీ మూడువందల మందీ వట్టి చేతుల మనుషులు.

రేమండ్‌కి ఈ సంగతి మొదటి నెలలోనే అర్థమై ఉండాలి. పదేళ్ళలో అతని దళం పద్నాలుగు వేల వరకూ పెరిగింది. దాంతోపాటు తుపాకులు, ఫిరంగులు, మందుగుండు ఇక్కడే తయారయ్యే ఏర్పాటు చేశాడు. ఫతేమైదాన్ పక్కన ఆ పోతశాల 1795 నాటిదంటారు. చేయించేవాళ్ళు ఫ్రెంచివాళ్ళు, చేసేవాళ్ళు ఇక్కడి పనివాళ్ళు. ఎనిమిదణాల అద్దెతో మొదలై సొంత కొలిమి దాకా. మన స్టార్టప్ భాషలో చెప్పుకుంటే ఇంతకన్నా మంచి కథ దొరకదు.

జనం అతన్ని ప్రేమించారు. ముస్లిములు మూసా రహీం అన్నారు, హిందువులు మూసారాం అన్నారు. మూసారాంబాగ్‌కి ఆ పేరు అలా వచ్చిందే. రెడ్ లైన్ మెట్రోలో రోజూ వేలమంది ఆ పేరు విని దిగుతుంటారు. అతని సమాధి దగ్గర చాలాకాలం ఏటా ఉరుసు జరిగింది. బొబ్బిలిలో ఫ్రెంచి ఫిరంగి పేరు చెబితే ఇప్పటికీ పళ్ళు కొరుకుతారు. ఇక్కడ ఫ్రెంచి ఫిరంగి పోసినవాడికి దీపం పెట్టారు. పైగా బుస్సీ కొలువులో నడిచినవాడే. గొట్టం ఎటు తిరిగి ఉందన్నదాన్ని బట్టి మన ప్రేమలు మారతాయన్నది నాకు కొత్త సంగతేం కాదు గానీ, ఒకే మనిషిగా నేను ఆ రెండు ఊళ్ళకీ చెందడం వల్ల కాస్త ఇబ్బందిగా అనిపించింది.

ఈ పోతశాల పతనం ఇంకా విచిత్రం. దాన్ని ఏ శత్రువూ పడగొట్టలేదు. 1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం ఓడిపోయాడు. రేమండ్ దళం బాగానే పోరాడినా ఓటమి ఆగలేదు. ఇంగ్లీషువాళ్ళు ఆ యుద్ధంలో సాయానికి రాలేదన్న కోపంతో నిజాం రేమండ్‌ని ఇంకా దగ్గరికి తీశాడు. ఆ దగ్గరితనమే కంపెనీవాళ్ళకి భయమైంది. 1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. విషం పెట్టారన్న అనుమానాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పటికీ తేలలేదు. ఆ సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు. ఆరు పటాలాల కంపెనీ సైన్యం హైదరాబాదులో ఉంటుంది, దానికి ఏడాదికి 24,17,100 రూపాయలు నిజాం చెల్లిస్తాడు, ఫ్రెంచి దళాన్ని రద్దు చేస్తాడు.

అక్టోబరులో రద్దు మాట బయటికొచ్చేసరికి సిపాయిలు తిరగబడ్డారు. ఎవరిమీద? తమ ఫ్రెంచి అధికారుల మీదే. బకాయి జీతాలు ఎక్కడ పోతాయోనని రేమండ్ తర్వాత వచ్చిన పీరోన్‌ని పట్టి బంధించారు. మర్నాడు, అక్టోబరు 22న, కంపెనీ సైన్యం చుట్టుముట్టింది. బకాయిలు ఇస్తామన్న హామీ దొరికాక పదివేలకి పైగా మనుషులు తుపాకులు కింద పెట్టేశారు. యుద్ధమనేదే జరగలేదు. దక్కన్‌లో అందరూ భయపడిన దళం ఒక సంతకంతో, ఒక జీతాల లెక్కతో ముగిసిపోయింది. ఇకమీదట నిజాంకి సొంత ఫిరంగులతో పెద్దగా పని లేదు. పోతశాల చల్లారింది. ఇప్పుడక్కడ మిగిలినవి కొన్ని మందపాటి గోడలు.

మళ్ళీ అద్దె మొదలైందన్నమాట. ఈసారి నెలకి ఎనిమిదణాలు కాదు. ఏటేటా లక్షలు కట్టడం కష్టమని 1800 అక్టోబరులో నిజాం, మైసూరు యుద్ధాల్లో తన వాటాకొచ్చిన జిల్లాల్ని కంపెనీకి వదిలేసుకున్నాడు. వదిలేసినవి కాబట్టి వాటికి ‘సీడెడ్’ అని పేరు. మనవాళ్ళు దత్తమండలాలు అన్నారు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అనే మంచి పేరు పెట్టుకున్నా, సినిమా వసూళ్ళ పోస్టర్ల మీద ఇంకా సీడెడ్ అనే ఉంటుంది. సర్కారు పేరు మనం సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో మోసుకుతిరుగుతున్నాం. 1753లో బుస్సీ సైన్యానికి కట్టిన అద్దె సర్కారులు. 1800లో కంపెనీ సైన్యానికి కట్టిన అద్దె సీడెడ్. తెలుగు నేల మ్యాపు మీద ఈ రెండు పేర్లూ ఎవరో అరువు తెచ్చుకున్న ఆయుధాలకి మిగిలిన రసీదులు.

ఇక్కడిదాకా వచ్చాక నా స్నేహితుడి వాదన చాలా బలంగా కనిపించింది. అరువు బలం నేలని మింగేస్తుంది కాబట్టి మన ఆయుధం మనమే చేసుకోవాలి. గన్‌ఫౌండ్రీ ఆరిపోవడమే తప్పు. ఈ ఊళ్ళోనే క్షిపణులు తయారవుతున్నాయి, టాంకుల్లాంటి బండ్లు తయారవుతున్నాయి, వాటివల్ల మనం ఎవరి గడప దగ్గరా నిలబడక్కర్లేదు. దీన్ని కాదనలేను. చేతిలో పువ్వు పెట్టుకుని సరిహద్దులో నిలబడమని నేనెవరికీ చెప్పలేను. బొబ్బిలికి కూడా నాలుగు మంచి ఫిరంగులుంటే బాగుణ్ణని చిన్నప్పుడు ఎన్నిసార్లు అనుకున్నానో.

కానీ ఈ వాదన జవాబు చెప్పేది ఒక రాజ్యం ప్రశ్నకి. దేశం సొంతంగా చేసుకోవాలా, కొనుక్కోవాలా అన్నదానికి. చేసే మనిషిగా నా ప్రశ్నకి అది జవాబు కాదు. సొంత కొలిమిలో పోసిన గుండు తగిలినా మనిషి అలాగే చస్తాడు. నా ప్రశ్నేమిటంటే, నేను చేసిన వస్తువు మీద నా అధికారం ఎంతవరకు?

దీనికి రేమండ్ జీవితంలోనే ఒక లెక్క దొరికింది. అతను తయారుచేసిన బలం మూడుసార్లు గురిపెట్టింది. మొదటిది ఖర్దాలో, మరాఠాల మీద. యజమాని శత్రువు మీద, అందరికీ సమ్మతమైన గురి. రెండోది అదే ఏడాది. నిజాం కొడుకు అలీ జా తండ్రి మీద తిరగబడి బీదరు వైపు వెళితే, అణచడానికి రేమండ్‌నే పంపారు. పట్టుకున్నాడు. తండ్రి ముందు నిలబడలేక ఆ కొడుకు దారిలోనే విషం తాగాడు. కొత్త సైన్యం ఏ శత్రువు కోసమని పెంచారో ఆ శత్రువు మీద గెలవలేదు గానీ ఇంట్లోవాడి మీద గెలిచింది. మూడోది రేమండ్ పోయాక. 1799లో శ్రీరంగపట్నం మీదికి ఇంగ్లీషువాళ్ళతో కలిసి నడిచిన నిజాం సైన్యంలో, రద్దయిన ఫ్రెంచి దళపు పాత సిపాయిలు కూడా ఉన్నారు. రేమండ్ తయారుచేసిన మనుషులు, అతను ఏ ఇంగ్లీషువాళ్ళ మీద నిలబడాలని తయారుచేశాడో ఆ ఇంగ్లీషువాళ్ళ కోసమే, అతను ఒకప్పుడు ఉప్పు తిన్న మైసూరు మీదికి వెళ్ళారు. మే 4న టిప్పు పడిపోయాడు.

తయారుచేసేవాడి మాట చెల్లేది, చెల్లితే గిల్లితే, మొదటి గురి మీదే. రెండో గురి యజమాని అవసరం. మూడో గురి ఎవరు ఎవరికి సంతకం పెట్టారన్నది. కొలిమి దగ్గర నిలబడినవాడికి కనిపించేది మొదటిదే కాబట్టి అతను మంచివాడిగానే నిద్రపోతాడు. రేమండ్ కపటి అని నేననను. ప్రేమ ఊరికే రాదు. మొదటి గురిని చూసి మిగతావాటికి కూడా హామీ ఇచ్చుకోవడమే ఇందులో పొరపాటు. “కొనేది మన సైన్యమే” అన్న మాటలో ఆ హామీ ఉంది.

నాకు కోడ్ సంగతి తెలుసు. లారీల లెక్క కోసం నేను రాసిన ప్రోగ్రాముని ఒక ఏడాది తర్వాత వేరే టీము గోదాములో కూలీలు ఎంతసేపు కూర్చుంటున్నారో చూడ్డానికి వాడింది. నన్నెవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు, అది వాళ్ళ సొత్తు. నేనూ నోరెత్తలేదు. లారీల్ని లెక్కపెట్టడం నా మొదటి గురి. కూర్చున్న మనిషిని లెక్కపెట్టడం రెండోది. అది జరిగిన రోజు మధ్యాహ్నం నేను మామూలుగానే భోజనం చేశాను.

‘నువ్వు చేయకపోతే ఇంకొకడు చేస్తాడు’ అనే మాట ఉంది కదా. నిజమే, చేస్తాడు. నా బదులు ఇప్పటికే ఎవరో చేరి ఉంటారు, నాకంటే బాగా రాస్తారు కూడా. ఆ మాట ఫలితం గురించి నిజం చెబుతుంది. నా చేతి గురించి ఏమీ చెప్పదు. ‘జీతం కోసమే కదా’ అనేదానికి ఆ పదివేలమంది సిపాయిలున్నారు. వాళ్ళు నాకు అందరికంటే బాగా అర్థమవుతారు. బకాయిలిస్తామంటే తుపాకి కింద పెట్టారు. చరిత్ర వాళ్ళని ద్రోహులనలేదు, వీరులనీ అనలేదు, అసలు లెక్కలోకే తీసుకోలేదు. ఇంట్లో పిల్లల ఆకలికి జెండా రంగు తెలీదు.

స్నేహితుడికి రానని చెప్పాను. ఇందులో గొప్పేం లేదు. నాకు ఇల్లు గడవని పరిస్థితి లేదు కాబట్టి చెప్పగలిగాను. ఉండుంటే చేరేవాణ్ణేమో. చేరిన నా స్నేహితుడు నాకన్నా చెడ్డవాడూ కాదు. వాడు కనీసం తను ఏం చేస్తున్నాడో తెలిసి చేస్తున్నాడు. నేను కట్టే పన్ను సంగతి ఆలోచిస్తే శికాకోలు సర్కారు రైతుకీ నాకూ తేడా ఎంత? ఆ రైతుకి లేని సౌకర్యం ఒకటి నాకుంది. డబ్బు ఎటు పోతోందో చదువుకుని తెలుసుకోగలను. తెలుసుకున్నాక రెండో గురి, మూడో గురి గురించి బయటికి అడగగలను. చేరేవాడైనా, చేరనివాడైనా చేయాల్సిన పని ఇదేననిపిస్తోంది. చేరేవాడు లోపల్నుంచి అడగాలి. అడిగితే పోయే ఉద్యోగమైతే, అది పోయే లోపే అడగాలి.

మొన్న ఆదివారం మూసారాంబాగ్‌లో దిగి సమాధి ఉన్న గుట్ట ఎక్కాను. నల్లటి రాతి స్తంభం, పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. దానిమీద జె, ఆర్ అని రెండు అక్షరాలు. పక్కన స్తంభాల మండపం 2001 వానల్లో కూలిపోతే మళ్ళీ కట్టారు. ఇద్దరు కుర్రాళ్ళు అక్కడ కూర్చుని ఫోన్లో క్రికెట్ చూస్తున్నారు. ఇది ఎవరిదో తెలుసా అని అడిగితే, “ఎవరో ఫారిన్ ఆయనది అన్నా, మంచోడంట,” అన్నాడొకడు.

బొబ్బిలిలో యుద్ధం జరిగిన చోట కూడా ఇలాంటిదే ఒక స్తంభం ఉంది. చచ్చిపోయినవాళ్ళ కోసం నిలబెట్టింది. చిన్నప్పుడు తాత నన్ను భుజం మీద ఎక్కించుకుని చూపించాడు. గుట్ట మీద నుంచి ఫోటో తీసి మా అప్పకి పంపాను. చూసి వెంటనే ఫోన్ చేసింది. “ఇదేటి, మనూరి స్తంభం రంగేసినార?” అంది.

కాదప్పా, ఇది వేరేవాళ్ళది అన్నాను. ఎవులిదని అడిగింది. తాతకి తెలీని మనిషి, ఫిరంగులు పోసినోడు అని చెప్పాను.